కిందికి దిగిన చెయ్యి: ఎయిజీ సవామురా భుజం మీద ఒక కేస్ స్టడీ

కిందటేడు వానాకాలం మొదట్లో ఒక ఫాస్ట్ బౌలర్ కుర్రాణ్ణి వాళ్ల కోచ్ మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. నొప్పి అని రాలేదు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చారు. కుర్రాడు తొమ్మిది నెలల కానిస్టేబుల్ ట్రైనింగ్ ముగించుకుని వచ్చాడు. వచ్చిన మూడో వారంలోనే లీగ్ మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు. "మేడమ్, మావాడు ముందుకన్నా బాగా వేస్తున్నాడు. ఒక్క సంతకం పెట్టేయండి" అన్నారు కోచ్, ఫోన్‌లో వీడియో చూపిస్తూ.

బంతి నిజంగానే బాగా పడుతోంది. తక్కువ ఎత్తులో జారుతూ వస్తుంటే బ్యాటర్లకు అందడం లేదు. కానీ ట్రైనింగ్‌కి వెళ్లకముందు చెవిని రాసుకుంటూ వచ్చే చెయ్యి ఇప్పుడు జానెడు కిందికి దిగింది. అదే వీడియోలో ఇంకో చోట అతను బౌండరీ దగ్గర బంతి అందుకుని కీపర్‌కి విసరలేదు. పక్కనున్న ఫీల్డర్‌కి కింద నుంచి అందించాడు.

నేను సంతకం పెట్టలేదు. ఆ రోజు మా జూనియర్ ఫిజియోలను కూర్చోబెట్టి ఎయిజీ సవామురా గురించి చెప్పాను. ఇక్కడ రాస్తున్నది ఆ కేసే, ఇంకొంచెం వివరంగా.

సవామురా 27 ఏళ్లకే చనిపోయిన జపాన్ బేస్‌బాల్ పిచర్. అతని భుజానికి ఎమ్మారై తీసినవాళ్లు లేరు, మన చేతులతో తాకి చూసే వీలూ లేదు. స్కోరు లెక్కలు, సైన్యంలోకి వెళ్లి వచ్చిన కాలాలు, ఏ ఏడాది చెయ్యి ఎంత ఎత్తు నుంచి వచ్చిందన్న సమాచారం, ఇవి మూడే ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం నేర్చుకుంటే విసిరే ఆటగాడి భుజం గురించి చాలా అర్థమవుతుంది.

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. పిచర్ మన బౌలర్ లాంటివాడే గానీ పరుగెత్తుకు రాడు. మట్టి దిబ్బ మీద నిలబడి 18.44 మీటర్ల దూరంలోని బ్యాటర్ వైపు బంతి విసురుతాడు, మోచెయ్యి వంచడానికి అభ్యంతరం లేదు. బంతి సుమారు 145 గ్రాములు, క్రికెట్ బంతి కన్నా కాస్త తేలిక. ఇన్నింగ్స్ అంటే క్రికెట్‌లోలా పెద్దది కాదు, మూడు ఔట్లతో ముగుస్తుంది, మామూలుగా మ్యాచ్‌కి జట్టుకి తొమ్మిది ఉంటాయి. బ్యాటర్ కొట్టలేకపోయిన సరైన బంతి, స్థూలంగా, స్ట్రైక్. బ్యాటర్‌ని మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేస్తే స్ట్రైకౌట్ అంటారు. బ్యాటర్ బంతిని కొట్టి, పరుగెత్తి బేస్ అనే గుర్తు చేరుకుంటే హిట్. మ్యాచ్ మొత్తంలో అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకపోతే నో-హిటర్. చాలామంది మంచి పిచర్లకు జీవితంలో ఒక్కటి కూడా దక్కదు. పిచర్ విలువ చూడటానికి, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి వదిలేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడన్నది ముఖ్యమైన అంకె. కింద నేను సగటు అని రాసినప్పుడల్లా దాన్నే అంటున్నాను. అది ఎంత తక్కువైతే అంత గొప్ప.

ఆటగాడు

సవామురా 1917 ఫిబ్రవరి 1న జపాన్‌లోని ఉజియమాదా అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరిని ఇప్పుడు ఇసె అంటున్నారు. కుడిచేతి వాటం. క్యోటోలో కామర్స్ స్కూల్ తరఫున ఆడుతూ పేరు తెచ్చుకున్నాడు. 1934 నవంబర్ 20న షిజువోకాలోని కుసనాగి మైదానంలో అమెరికా నుంచి వచ్చిన స్టార్ల జట్టుకు బంతి వేశాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు. చార్లీ గెహ్రింగర్, బేబ్ రూత్, లూ గెరిగ్, జిమ్మీ ఫాక్స్, ఈ నలుగురు దిగ్గజ బ్యాటర్లనూ వరసగా స్ట్రైకౌట్ చేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో గెరిగ్ కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) జపాన్ 1-0 తేడాతో ఓడింది. ఓడినా దేశమంతా ఆ కుర్రాడి పేరే. అదే పర్యటనలో మిగతా మ్యాచ్‌లలో అమెరికన్లు అతన్ని చితకబాదారు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పదిహేడేళ్ల భుజం ఒక రోజు అద్భుతం చేసి మర్నాడు అలసిపోవడం సహజమే.

ఆ వెంటనే అతను చదువు మధ్యలో ఆపేసి, అప్పుడే ఏర్పడుతున్న ప్రొఫెషనల్ జట్టులో చేరాడు. తర్వాత జెయింట్స్‌గా పేరు పడిన జట్టు అదే. ఈ నిర్ణయాన్ని కేసు షీటులో రాసుకోవాలి. ఆ రోజుల్లో జపాన్‌లో యూనివర్సిటీ విద్యార్థులకు సైనిక సేవ నుంచి వాయిదా దొరికేది, 1943 దాకా ఆ వెసులుబాటు నడిచింది. స్కూలు వదిలేసి ఆటలోకి వచ్చినవాడికి ఆ గొడుగు లేదు. ఇరవై ఏళ్లు నిండగానే సైనిక పరీక్షకు వెళ్లాల్సిందే.

1935లో ఆ జట్టు అమెరికా పర్యటనకు వెళ్లి కొద్ది నెలల్లో వందకు పైగా మ్యాచ్‌లు ఆడింది. అప్పుడే పద్దెనిమిదిలో అడుగుపెట్టిన సవామురా ఆ జట్టుకి ప్రధాన పిచర్. ఆ వయసులో ఎదుగుదల ఇంకా పూర్తికాదు. పద్దెనిమిదేళ్ల బౌలర్ నాలుగైదు నెలల్లో వంద మ్యాచ్‌ల జట్టుతో తిరిగొచ్చాడని ఇవాళ ఎవరైనా చెబితే, నేను వేరే ప్రశ్నలేవీ అడగకుండా ముందు అతని భుజం పట్టుకుని చూస్తాను.

1937 లెక్కలు

ఈ కేసు చెప్పేవాళ్లు ఎక్కువమంది యుద్ధం దగ్గర మొదలుపెడతారు. నేను 1937 దగ్గర మొదలుపెడతాను.

దానికి ముందు ఏడాది, 1936 శరదృతువు సీజన్‌లో సవామురా 13 గెలిచాడు, 2 ఓడాడు, సగటు 1.05. సెప్టెంబర్ 25న కోషియెన్ మైదానంలో టైగర్స్ జట్టు మీద నో-హిటర్ వేశాడు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అదే మొట్టమొదటిది. 1937 వసంతం సీజన్‌లో 24 గెలుపులు, 4 ఓటములు, 196 స్ట్రైకౌట్లు, సగటు 0.81. మే 1న మళ్లీ టైగర్స్ మీదే రెండో నో-హిటర్. ఆ సీజన్‌లో అతను వేసినవి 244 ఇన్నింగ్స్.

అప్పట్లో ఏడాదికి రెండు సీజన్లు జరిగేవి. అదే ఏడాది శరదృతువులో మరో 140 ఇన్నింగ్స్ వేశాడు. ఈసారి 9 గెలుపులు, 6 ఓటములు, సగటు 2.38. కొన్ని నెలల్లోనే సగటు దాదాపు మూడింతలైంది. ఏడాది మొత్తం మీద 384 ఇన్నింగ్స్. ఇవాళ అమెరికా మేజర్ లీగ్‌లో ఒక పిచర్ ఏడాదికి 200 వేస్తే గట్టివాడంటారు.

దీనికి ఆటలోనే ఇంకో కారణమూ ఉంది. అతని వేగానికి అలవాటు పడటానికి టైగర్స్ తమ పిచర్లను ముందుకు జరిపి, దగ్గర నుంచి వేయించుకుని సాధన చేశారు. అది పనిచేసింది కూడా. అయినా ఇరవై ఏళ్ల భుజం ఒక్క ఏడాదిలో 384 ఇన్నింగ్స్ మోస్తే, ఆ చివర్లో కనిపించే తగ్గుదలని ప్రత్యర్థుల తెలివి ఖాతాలోనే వేసేయడానికి నాకు మనసొప్పదు. పిచర్ బంతి వదిలేటప్పుడు భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. అంటే సెకనుకు పంతొమ్మిది చుట్లు తిరిగేంత వేగం. బంతి వెళ్లిపోయాక ఆ చేతిని ఆపాలి. బంతితో పాటు తానూ ఊడి వెళ్లిపోదామన్నట్టు చెయ్యి కీలు నుంచి ముందుకు లాగుతుంది, ఆ లాగుడు దాదాపు ఒక మనిషి బరువంత ఉంటుంది. దాన్ని పట్టి ఆపేవి భుజం వెనక ఉండే రొటేటర్ కఫ్ కండరాలు. అరచేతిలో పట్టేంత కండరాలవి. వాటికి అలసట తీరే సమయం ఇవ్వకపోతే అవి నొప్పి చెప్పకముందే పట్టు సడలిస్తాయి. 1937 చివర సవామురాకు కావాల్సింది మూడు నెలల విశ్రాంతి. దానికి బదులు సైన్యం నుంచి పిలుపు వచ్చింది.

మొదటి పిలుపు

1938 జనవరిలో అతన్ని 33వ పదాతి రెజిమెంట్‌లోకి తీసుకుని చైనాకు పంపారు. జపాన్ చైనా మీద దండయాత్ర చేస్తున్న కాలం అది. అక్కడి జనం అనుభవించిన నరకం ముందు ఒక పిచర్ భుజం చాలా చిన్న విషయం, ఆ సంగతి మరిచిపోయి నేనిది రాయడం లేదు. అయితే నా పని భుజాలతో, కనుక అక్కడికే వస్తాను.

చేతికి ఒక పిచర్ దొరికితే సైన్యం అతనితో ఏం విసిరిస్తుందో ఊహించడం కష్టం కాదు. సవామురా చేత గ్రెనేడ్‌లు విసిరించారు, పదే పదే విసిరించారు. కుడి భుజం అక్కడే దెబ్బతింది.

జపాన్ సైన్యం అప్పట్లో వాడిన 97వ రకం గ్రెనేడ్ సుమారు 450 గ్రాములు. అంటే మూడు బేస్‌బాల్ బంతుల బరువు. బరువు మూడింతలైతే చెయ్యి వేగం తగ్గుతుంది కదా, భుజానికి మంచిదే కదా అని మా జూనియర్లు ప్రతిసారీ అడుగుతారు. మామూలు మనిషి విషయంలో కొంతవరకు నిజమే. కానీ పిచర్ శరీరం ఏళ్ల తరబడి 145 గ్రాములకు కొలత కట్టుకుని ఉంటుంది. ఎప్పుడు చెయ్యి వెనక్కి వెళ్లాలి, ఎంత వెళ్లాలి అన్నదంతా ఆ బరువుకి తగ్గట్టే కుదిరి ఉంటుంది. చేతిలో 450 గ్రాములు పెట్టి అదే పద్ధతిలో శక్తి కొద్దీ విసరమంటే, భుజం వెనక్కి మెలితిరిగే చోట ఆ అదనపు బరువు చేతిని ఇంకా వెనక్కి లాగుతుంది. భుజం ముందుభాగంలోని పొర సాగుతుంది. పైగా యుద్ధంలో వార్మప్ ఉండదు. చలిలో, మోకాళ్ల మీద, గుంటలోంచి, వీపున సామానుతో విసరాలి. కాళ్లు, నడుము ఇవ్వాల్సిన శక్తి రాదు గనుక భారమంతా భుజం మీదే పడుతుంది.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో 13 నుంచి 18 ఏళ్ల పిచర్లను రెండు గుంపులుగా చేసి ఆరు వారాలు పరీక్షించారు, ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. రకరకాల బరువుల బంతులతో సాధన చేసిన గుంపు వేగం పెరిగింది, భుజం వెనక్కి తిరిగే కోణమూ పెరిగింది. ఆ గుంపులో 24 శాతం మందికి గాయాలయ్యాయి. మామూలు సాధన చేసిన గుంపులో ఒక్కరికీ కాలేదు. అది కోచ్‌లు, డాక్టర్లు చూస్తుండగా, లెక్క ప్రకారం చేసిన సాధన. యుద్ధభూమిలో లెక్క ఎవరు చూస్తారు?

రెండో దెబ్బ, సవామురా ఎడమ చేతిలోంచి తూటా దూసుకుపోయింది. విసిరే చెయ్యి కాదు కదా అని దీన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. విసిరేటప్పుడు ఎడమ చెయ్యి ఊరికే ఉండదు. ముందుకు చాపి, బలంగా ఒంటికి లాక్కున్నప్పుడే మొండెం తిరుగుతుంది, ఆ తిరుగుడు కుడి చేతికి వేగం ఇస్తుంది. ఎడమ చెయ్యి గట్టిగా లాగలేకపోతే ఆ లోటు కుడి భుజమే పూడ్చాలి. ఎడమ మణికట్టు విరిగి మానిన బౌలర్లకు ఆర్నెల్ల తర్వాత కుడి భుజం నొప్పి రావడం మా దగ్గర చాలాసార్లు చూశాం. ఇక్కడా అది కొంత పనిచేసి ఉంటుందని నా అంచనా.

మూడోది మలేరియా. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనుక్కున్నాడు. కారణం తెలిసి నలభై ఏళ్లైనా, సవామురా కాలానికి చేతిలో ఉన్న ప్రధానమైన మందు క్వినైన్. అది రక్తంలోని పరాన్నజీవిని చంపుతుంది. కొన్ని రకాల మలేరియాలో పరాన్నజీవి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది, దాని జోలికి క్వినైన్ పోదు. ఆ పనిచేసే ప్రైమాక్విన్ 1950లలో గానీ వాడుకలోకి రాలేదు. అందుకే జ్వరం తగ్గిందనుకున్న సైనికులు నెలల తర్వాత మళ్లీ పడిపోయేవాళ్లు. సవామురా ఇంటికొచ్చాక కూడా మైదానంలో కుప్పకూలిన సందర్భాలున్నాయి. పదేపదే జ్వరం, దాని వెనక రక్తహీనత, కండరం కరిగిపోవడం. మనం కూడా టైఫాయిడ్, డెంగీ వచ్చి తగ్గిన ఆటగాడి భుజం చూస్తాం గానీ హిమోగ్లోబిన్ చూడటం మరిచిపోతుంటాం. నేనూ మరిచిపోయిన రోజులున్నాయి.

1940 జులై 6

1940లో అతను జెయింట్స్‌కి తిరిగొచ్చాడు. పై నుంచి విసిరే పాత పద్ధతి ఇక సాధ్యం కాలేదు. చెయ్యి పక్కకు దించి, నడుముకి కాస్త పైనుంచి వేసే సైడ్‌ఆర్మ్‌కి మారాడు. వేగం పోయింది. దాని స్థానంలో గురి, వంపులు తెచ్చుకున్నాడు.

ఆ పద్ధతిలోనే, జులై 6న నిషినోమియాలో నగోయా జట్టు మీద మూడో నో-హిటర్ వేశాడు.

ఈ మ్యాచ్ గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. విరిగిన వాయిద్యంతో కచేరీ చేసి మెప్పించడం లాంటిది అది. ఆ తెలివికి, ఆ పట్టుదలకి దణ్ణం పెట్టాలి. కానీ ఫిజియోగా చూస్తే ఈ కేసులో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అదే. నో-హిటర్ వేసినవాడికి ఒంట్లో బాగా లేదని ఎవరు నమ్ముతారు? ఆ ఏడాది 7 గెలిచి 1 ఓడాడు, సగటు 2.59. 1941లో 9-5, సగటు 2.05. పుస్తకంలో చూస్తే కోలుకున్న ఆటగాడి అంకెలే.

దగ్గరగా చూస్తే అలా అనిపించదు. ఆ ఏళ్లలో జపాన్ లీగ్ మొత్తంలోనే పరుగులు బాగా తక్కువ. ముడిసరుకు కొరతతో బంతులు నాసిరకంగా తయారయ్యాయి, కొట్టినా దూరం పోయేవి కావు. కనుక 1941 నాటి 2.05ని 1937 నాటి 0.81 పక్కన పెట్టి పోల్చలేం, లీగ్‌లో అందరి మధ్య పెట్టి చూడాలి. అలా చూస్తే అతను అందరిలో ఒకడు. స్ట్రైకౌట్లు బాగా తగ్గిపోయాయి. బ్యాటర్‌ని వేగంతో ఓడించేవాడు ఇప్పుడు బ్యాటర్ తప్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

చెయ్యి కిందికి ఎందుకు దిగుతుంది? భుజం పైభాగంలో, చెయ్యి తలపైకి లేచే చోట కఫ్ నలుగుతుంటే శరీరం ఆ కోణాన్ని తప్పించుకుంటుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. మొండెం వంపు మార్చుకుని, నొప్పి లేని దారి వెతుక్కుంటుంది. ఆటగాడిని అడిగితే నొప్పి లేదంటాడు, అతను అబద్ధం చెప్పడం లేదు. నొప్పి ఉన్న చోటికి అతని చెయ్యి వెళ్లడమే మానేసింది. అందుకే నేను నొప్పి ఉందా అని అడగను, ముందు ఎక్కడి నుంచి విసిరేవాడివో అక్కడి నుంచి ఒక్కటి విసిరి చూపించమంటాను.

ఆటకి దూరమైతే ఎవరికైనా ఇంతేనా అంటే, కాదు. అమెరికా పిచర్ బాబ్ ఫెల్లర్ 1941 డిసెంబర్‌లో నేవీలో చేరి, యుద్ధనౌక మీద తుపాకుల దగ్గర పనిచేసి, 1945 ఆగస్టులో గానీ జట్టుకి తిరిగి రాలేదు. దాదాపు నాలుగు సీజన్లు పోయాయి. 1946లో ఏకంగా 348 స్ట్రైకౌట్లు చేశాడు. ఆ నాలుగేళ్లలో అతని భుజం మీద పడిన భారం వేరు, తిండి వేరు, వైద్యం వేరు. ఆటగాడు ఎన్నాళ్లు దూరమయ్యాడన్న దానికన్నా ఆ దూరంలో ఆ భుజం ఏం చేసిందన్నదే నేను ముందు అడిగే ప్రశ్న. మన దగ్గరికి వచ్చే కుర్రాళ్లకూ ఇదే వర్తిస్తుంది. తొమ్మిది నెలలు ఆడలేదు మేడమ్ అంటారు. ఆ తొమ్మిది నెలలు రోజుకి ఎన్ని పుషప్‌లు, తాడు ఎన్నిసార్లు ఎక్కారు, రైఫిల్ ఎంతసేపు ఎత్తి పట్టుకున్నారు, అది చెప్పరు, మనం అడగం.

1943 జులై 6

1941 చివర్లో రెండో పిలుపు వచ్చింది. ఈసారి ఫిలిప్పీన్స్. తిరిగొచ్చి 1943లో మళ్లీ బంతి పట్టుకునేసరికి సైడ్‌ఆర్మ్ కూడా పోయింది. చెయ్యి నడుము కిందికి దిగి అండర్‌హ్యాండ్‌కి వచ్చింది.

ఇప్పుడు మూడు ఎత్తులనూ వరసలో చూడండి. 1937లో తలపై నుంచి. 1940లో పక్క నుంచి. 1943లో కింద నుంచి. ఇరవై ఆరేళ్ల మనిషి. ఎక్స్‌రే లేకపోయినా ఇంతకన్నా స్పష్టమైన రిపోర్టు నాకు అక్కర్లేదు.

అండర్‌హ్యాండ్‌లో భుజానికి భారం తక్కువ, అది నిజం. అందులోనే గొప్ప పిచర్లైన వాళ్లున్నారు. కానీ వాళ్లు ఏళ్ల తరబడి ఆ పద్ధతి సాధన చేసి వచ్చినవాళ్లు. దెబ్బతిన్న భుజానికి చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో చెప్పే తెలివిడి కూడా మందగిస్తుంది. కళ్లు మూసుకుని చేతిని ఫలానా కోణంలో పెట్టమంటే పది డిగ్రీలు అటూ ఇటూ పెడతారు. అలాంటి భుజంతో కొత్త పద్ధతి నేర్చుకుంటే మొదట పోయేది గురి.

సరిగ్గా అదే పోయింది. 1943 జులై 6న, మూడో నో-హిటర్ వేసి మూడేళ్లు నిండిన రోజున, హన్షిన్ (పాత టైగర్స్ జట్టే) మీద మూడు ఇన్నింగ్స్ వేశాడు. హిట్లు ఇచ్చింది రెండే. కానీ గురి తప్పిన బంతులతో, బ్యాటర్‌కి తగిలిన బంతులతో ఎనిమిది మందిని ఊరికే బేస్ మీదకి పంపాడు. 5 పరుగులు వచ్చాయి, అతన్ని తప్పించారు. పిచర్‌గా అదే ఆఖరు. ఆ ఏడాది మొత్తం 11 ఇన్నింగ్స్, గెలుపు లేదు, 3 ఓటములు, సగటు 10.64. అక్టోబర్ 24న చివరిసారి మైదానంలోకి దిగాడు. బంతి వేయడానికి కాదు, వేరేవాడి బదులు ఒక్కసారి బ్యాట్ పట్టడానికి. గాల్లోకి లేపి ఔటయ్యాడు.

1944 సీజన్‌కి ముందు జెయింట్స్ అతన్ని వదిలేసింది. మొత్తం కెరీర్ 63 గెలుపులు, 22 ఓటములు, 554 స్ట్రైకౌట్లు, సగటు 1.74. ఆ 63లో 47 మొదటి పిలుపుకి ముందువే. 1944 అక్టోబర్‌లో మూడో పిలుపు వచ్చింది. 1944 డిసెంబర్ 2న ఫిలిప్పీన్స్‌కి సైనికులను తీసుకెళ్తున్న ఓడను యకుషిమా దీవికి పడమర అమెరికా జలాంతర్గామి సీ డెవిల్ ముంచేసింది. అందులో సవామురా ఉన్నాడు. ఇంటి దగ్గర భార్య, అదే ఏడాది పుట్టిన కూతురు.

ఇవాళ ఇదే కేసు మన గదిలోకి వస్తే

1940 వసంతంలో సవామురా మన టేబుల్ మీద కూర్చున్నాడనుకుందాం. మొదటి వారం బంతి ముట్టుకోనివ్వను. రక్త పరీక్ష, మలేరియాకి పూర్తి వైద్యం, హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చేదాకా కాళ్లు, నడుము, వీపు మీదే పని. ఎడమ చేతి పట్టు కుడిచేతితో పోల్చి కొలుస్తాను. తర్వాత రెండు భుజాలూ లోపలికి, బయటికి ఎంత తిరుగుతున్నాయో కొలుస్తాను. విసిరేవాళ్లకు కుడి భుజం బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరగడం మామూలే. రెండూ కలిపిన మొత్తం ఎడమ భుజంతో సమానంగా ఉండాలి. ఐదు డిగ్రీలకు మించి తేడా ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. బయటికి తిప్పే బలం, లోపలికి తిప్పే బలంలో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. గ్రెనేడ్ భుజంలో అది సగానికి పడిపోయి ఉన్నా ఆశ్చర్యపోను.

అవి సరిపడ్డాక బంతి. పదమూడు, పద్నాలుగు మీటర్ల దూరం నుంచి, రోజు విడిచి రోజు, లెక్కపెట్టి. నొప్పి లేకపోతే దూరం పెంచుతాం, ఉంటే ఒక మెట్టు వెనక్కి వస్తాం. దిబ్బ ఎక్కేసరికి నాలుగు నెలలు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, చెయ్యి పాత ఎత్తు నుంచే రావాలి. దూరం పెంచినప్పుడు చెయ్యి దిగితే, బంతి ఎంత బాగా పడినా ఆ రోజుకి సాధన ఆపేస్తాం. పాత ఎత్తు ఎప్పటికీ తిరిగి రాదని తేలితే, అప్పుడు కొత్త పద్ధతి గురించి కోచ్‌తో కూర్చుని మాట్లాడతాం. అది మనం తెలిసి తీసుకునే నిర్ణయం అవుతుంది. సవామురా విషయంలో ఆ నిర్ణయం నొప్పి తీసుకుంది.

1947లో అతని పేరు మీద సవామురా అవార్డు పెట్టారు. ఏటా జపాన్‌లో అందరికన్నా గొప్ప స్టార్టింగ్ పిచర్‌కి, అంటే మ్యాచ్‌ని మొదటి బంతి నుంచి వేసే పిచర్‌కి, ఇస్తారు. దానికి పెట్టిన కొలతల్లో చాలా ఏళ్లు 200 ఇన్నింగ్స్, మొదటి నుంచి చివరి దాకా తానే వేసిన 10 మ్యాచ్‌లు ఉండేవి. 2019లో, మళ్లీ 2024లో ఎవరికీ ఇవ్వలేదు. పిచర్లు బలహీనపడ్డారని బాధపడేవాళ్లుంటారు. నాకు మాత్రం అతని పేరున్న బహుమతి ఖాళీగా ఉండిపోయిన ఆ ఏడాదుల్లో ఎన్నో భుజాలు విశ్రాంతి తీసుకున్నాయనిపించి సంతోషంగా ఉంటుంది.

మా కుర్రాడి సంగతి. కొలిస్తే కుడి భుజం మొత్తం తిరుగుడు ఎడమ కన్నా పద్దెనిమిది డిగ్రీలు తక్కువ. బయటికి తిప్పే బలం సగం కన్నా కొంచెం ఎక్కువ. చెవి పక్క నుంచి ఒక్క బంతి వెయ్యి బాబూ అంటే, చెయ్యి లేపి, సగంలో ఆపి, కోచ్ వైపు చూశాడు. "ఆ ఎత్తులో పట్టేస్తుంది మేడమ్. వికెట్లు వస్తున్నాయి కదా అని చెప్పలేదు" అన్నాడు. కోచ్ ఏమీ అనలేదు, ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. ఆ సీజన్ అతను ఆడలేదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తున్నాడు. పోయిన మంగళవారం ముప్పై మీటర్ల నుంచి ఇరవై ఐదు బంతులు విసిరాడు, ఇరవై రెండింటికి చెయ్యి పాత ఎత్తు నుంచే వచ్చింది. చివరి మూడింటికి దిగింది. అక్కడ ఆపేశాం.